గండికోటలో అక్క చూడని లోయ

మొన్న గండికోట ధాన్యాగారంలో అడుగుపెట్టగానే గబ్బిలాల వాసన గుప్పుమంది. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని బస్సుల్లో పోయిన ఆ ప్రయాణాలు. చిన్నప్పుడు గిద్దలూరు నుంచి నాయన మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చినప్పుడు, నిద్రపోయిన తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని అక్క ఈ రాతిగోడల చల్లదనంలోనే కూర్చుండిపోయింది. నేనూ నాయనా వెళ్ళి పెన్నా లోయ చూసి వచ్చాం.

"ఎట్లుందే? ఏటి నీళ్ళు కనపడినాయా?" అని అక్క ఆశగా అడిగింది.

ఎండకు విసిగిపోయి ఉన్నాను. "ఏముందిలే అక్కా, ఉత్త రాళ్ళే" అన్నాను.

"ఇంకోసారి వద్దాంలే తల్లీ" అన్నాడు నాయన అక్కతో.

అక్కను తీసుకుని మళ్ళీ వెళ్ళనేలేదు. అక్క చనిపోయి రెండేళ్ళు. మొన్న లోయ అంచున నిలబడితే, ఎర్రటి బండల మధ్య నీళ్ళు మెరుస్తున్నాయి. ఆ రోజూ అంత అందంగానే ఉండింది. చూసి కూడా అక్కకు చెప్పలేదు.