నా పెళ్లిలో నెమలి కూత

రజాకార్ల భయం ఊరూరా ఉన్న రోజుల్లో, తిరుమలగిరి దగ్గరి మా పల్లెలో నా పెళ్లి జరిగింది. కోదాడ నుంచి వచ్చిన మా చిన్న మేనమామకు ఒక వింత సరదా ఉండేది. గువ్వ, కౌజు, నెమలి, ఏ పిట్ట కూతైనా అచ్చం దానిలాగే కూసేవాడు. కూసి, ముందు తానే మురిసిపోయేవాడు.

పీటల మీద నేను ఒకటే ఏడుపు. "ఏడవకు బిడ్డా, నీ పెళ్లికి నెమలి వచ్చింది చూడు" అని మామ నోటికి దోసిలి పెట్టి గట్టిగా కూశాడు. నాకు నవ్వొచ్చింది.

అంతలోనే "వచ్చిండ్రు, ఉర్కుండ్రి!" అంటూ పందిరంతా లేచింది. మా ఊరి చుట్టుపక్కల నెమళ్లు లేవు. అందుకే రజాకార్లు కనబడితే కావలివాళ్లు నెమలిలా కూయాలని ఊళ్లో ముందే అనుకున్నారు. పొరుగూరి మామకు ఆ సంగతి తెలియదు. పెళ్లికొడుకు బాసింగంతోనే జొన్నచేలో పడ్డాడు. ఆ తొక్కిసలాటలో మా నాయనమ్మ తుంటి విరిగింది.

"నీ కూత పాడుగాను! మా అమ్మను మంచాన పడేస్తివి గదరా" అన్నాడు నాయన.

నాయనమ్మ మళ్లీ నడవలేదు. మామ మళ్లీ కూయలేదు. నా పిల్లలు ఎంత బతిమాలినా "నాకు రాదు" అనేవాడు.

ఆయన చివరి రోజుల్లో నేనే అడిగాను. "మామా, ఒక్కసారి కూయవా?"

దోసిలి నోటిదాకా తెచ్చి, గుమ్మం వైపు చూసి, దించేశాడు.

"వద్దు బిడ్డా, జనం ఉరుకుతరు."

ఆ ఇంట్లో అప్పుడున్నది మేమిద్దరమే.