మా మేనత్త కడుపులో తిరిగిన బల్ల

మొన్న కడుపులో మంటగా ఉందని శ్రీకాకుళంలో స్కానింగు చేయించుకుంటే, నా ప్లీహం పక్కనే రేగిపండంత మరో బుల్లి ప్లీహం ఉందనీ, కొందరికి పుట్టుకతోనే అలా ఉంటుందనీ, దానివల్ల ఏ ఇబ్బందీ లేదనీ డాక్టరమ్మ చెప్పింది. భయపడాల్సిన నేను ఫక్కున నవ్వేసరికి ఆవిడ తెల్లబోయింది. నాకు మా మేనత్త గుర్తొచ్చింది మరి.

అత్త ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని కోటబొమ్మాళి సంతకు వెళ్లి అమ్ముకొచ్చేది. ఆమె పొట్టలో ఒక గడ్డ ఉండేది. పడుకుంటే ఎడమ డొక్కలోకి జారిపోయేది, నిలబడితే బొడ్డు కిందికి దిగేది. ప్లీహాన్ని మావాళ్లు బల్ల అనేవారు. జ్వరాలకు బల్ల పెరిగిందని వీధిలో ఆడవాళ్లు కొందరూ, నలభై దాటాక కడుపొచ్చిందని కొందరూ వాదించుకునేవారు. రెండో మాట నమ్మిన మావయ్య ముచ్చటపడి ఉయ్యాలకు తాడు కూడా పేనాడు.

నేను నర్సుగా చేరిన కొత్తలో, ఒకనాడు సంతలోనే అత్త కడుపు పట్టుకుని కూలబడిపోతే, మావయ్య బండి కట్టించి నేను పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చాడు. అప్పట్లో మాకు స్కానింగు లేదు. మా పెద్ద డాక్టరమ్మ గడ్డను నెమ్మదిగా తడిమి, దాని అంచున నొక్కు చేతికి తగలగానే, అలాంటి నొక్కు ప్లీహానికే ఉంటుందంటూ పోల్చింది. దాన్ని పట్టి ఉంచాల్సిన బంధనాలు పుట్టుకతోనే వదులుగా ఉండడంతో ఇన్నాళ్లూ అది కడుపంతా తిరిగిందట. ఇప్పుడు మెలికపడి రక్తం అందడం లేదట.

పొట్ట తెరిచేసరికి అది నేరేడుపండులా నల్లబడి ఉంది. మెలిక విప్పి, గోరువెచ్చటి తడిగుడ్డ కప్పి, అందరం దానికేసే చూస్తూ నిలబడ్డాం. రంగు రాకపోతే తీసెయ్యాల్సిందే. కాసేపటికి మెల్లగా ఎరుపు తిరిగింది. డాక్టరమ్మ దాన్ని దాని చోట కూర్చోబెట్టి కుట్టేసింది.

తెలివొచ్చాక సంగతంతా చెబితే అత్త పొట్ట తడుముకుని, "కట్టీసినారేటి? పాపం, ఇన్నేళ్లు నాతోటే సంతలన్నీ తిరిగినాది," అంది. అప్పటిదాకా దిగులుగా నిలబడ్డ మావయ్య నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

ఆమె కడుపు గురించి తగువులాడిన ఆడవాళ్లే, ఇంటికొచ్చాక ఆమె మంచం చుట్టూ చేరి, వంతులు వేసుకుని గంజి కాచి పోశారు. ఇప్పుడు జబ్బు పేరు క్షణంలో తెలిసిపోతోంది, మంచిదే. కానీ మా వీధిలో ఎవరికి ఏమైందో పక్కింటికి తెలియదు. అడిగితే ఏమనుకుంటారోనని నేనూ అడగడం మానేశాను.