మార్త ఆమెన్

హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్లో స్థిరపడ్డ సీతారాండేరా పేట తెలుగువాళ్లలో మార్త ప్రార్థనకు పెద్ద పేరు. శుక్రవారం ఎవరింట్లో కూడిక జరిగినా చివరి ప్రార్థన ఆవిడదే. ఆడవాళ్లంతా మోకాళ్లూనుతారు. ఆవిడ ఆమెన్ అని లేచేదాకా ఎవరూ లేవరు. ఈ మధ్య ఆ ప్రార్థన మరీ సాగుతోంది. దేశాన్నేలేవాళ్లూ, నైట్ షిఫ్టువాళ్లూ, రైళ్లు నడిపేవాళ్లూ అయ్యాక ఆటోవాళ్లను కూడా వదిలిపెట్టడం లేదు. "ఎంత భక్తో!" అని అందరూ మురిసిపోయేవారు. భక్తి ఉంది, కాదనను. కానీ అసలు సంగతి కుడికాలి బొటనవేలు. లేవాలంటే దాన్ని మడిచి నేలకు నొక్కాలి. నొక్కితే ప్రాణం పోయినంత పని. అందుకని ఆమెన్‌ను వాయిదా వేస్తుండేది.

ఆ వేలి కీలులోకి ఇంజెక్షన్లు వేయించుకుంది, చెప్పుల్లో గట్టి అట్ట పెట్టించుకుంది, పెరిగిన ఎముకను ఆపరేషన్ చేసి చెక్కించుకుంది కూడా. ఏదీ నిలవలేదు. ఆఖరికి బిష్టుపూర్ డాక్టరు కీలునే అతికించేద్దామన్నాడు. నొప్పి తగ్గుతుంది, హాయిగా నడవొచ్చు, కానీ వేలు ఇక వంగదు.

"వంగకపోతే మోకాళ్లెలాగ ఏత్తాను?" మార్త ఇంటికొచ్చి డీలా పడిపోయింది.

"ఏటే, దేవుడు నీ ఏలు సూత్తాడేటి?" అన్నాడు భర్త రాజబాబు.

"దేవుడి సంగతి కాదండి. అందరూ కిందుంటే నానొక్కద్దాన్నీ కుర్సీ మీద కూకుంటే ఏటనుకుంటారు?"

"మమ్మీ, ఏక్ బార్ బైఠ్ కే తో దేఖో," అంది కూతురు సుకీర్తి. ఒకసారి కూర్చుని చూస్తే పోయేదేముందని దాని ఉద్దేశం.

ఆ శుక్రవారం కూడిక జరిగిన మోనికా ఇంట్లో మార్త కుర్చీ వేయించుకుంది. సిగ్గుతో తల దించుకుని నాలుగు ముక్కల్లో ప్రార్థన ముగించింది. ఆమెన్ అని కళ్లు తెరిస్తే ఒక్కరూ లేవలేదు. మళ్లీ గట్టిగా ఆమెన్ అంది.

మోనికా అత్తగారు ఒక కన్ను తెరిచింది. "అయిపోనాదా? నిజిమే?"

"అయిపోనాది పిన్నీ, లెగండి."

లేచారు. ఒకావిడ మంచం కోడు పట్టుకుంది, ఒకావిడ గోడ పట్టుకుంది, మోనికా అత్తగారు కోడలి భుజం మీద బరువంతా వేసి "అమ్మో" అని మూలిగింది. ఇన్నాళ్లూ తన వేలితోనే సరిపోయిన మార్త, వాళ్లు లేవడం చూడటం అదే మొదలు. అయ్యో, ఇంతకాలం వీళ్ల మోకాళ్లను అరగదీశానా అని మనసు చివుక్కుమంది. ఆ వెంటనే నవ్వు ముంచుకొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగక కళ్లలో నీళ్లు తిరిగాయి.

అక్కడినుంచే రాజబాబుకు ఫోన్ చేసింది.

"డాక్టరికి అతికించీమని సెప్పండి. పై శుక్రారం కూడిక మనింట్లోనే. ఉన్న కుర్సీలన్నీ తుడిసి ఎయ్యండి."