ఫుట్‌బోర్డు మీద నూనె

అప్పలసూరిది ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే జాలరి పల్లె. తండ్రి వేటకు వెళ్లేవాడు. సూరికి మాత్రం వేట కంటే ఒడ్డున లాగి పెట్టిన ఫైబరు బోట్ల మీదే ధ్యాస. ఎండకూ ఉప్పుగాలికీ వాటి పైపొర సున్నంలా రాలుతుంటే, రుద్ది రుద్ది లోపలి గట్టి రంగును బయటికి తెచ్చేవాడు. ఆ పనితనమే పెళ్లయ్యాక అతన్ని ఆమదాలవలస చేర్చింది. చేర్చినవాడు అతని భార్య హేమకు అన్న, ధనరాజు.

ధనరాజు పాత జీపులు కొని అమ్మేవాడు. కొండదారుల్లో తిరిగే జీపులకు ఇంజను బాగానే ఉన్నా, బంపర్లూ చక్రాల మీది నల్ల ప్లాస్టిక్ అంచులూ ఎండకు వెలిసి బూడిదరంగుకు తిరిగిపోతాయి. బండి ఉన్న వయసు కంటే ముసలిగా కనిపిస్తుంది. ఒకసారి చెల్లెలింటికి వచ్చినప్పుడు ధనరాజు జీపు వాకిట్లో ఉంటే, సూరి ఊరికే కూర్చోలేక దాని బంపరు పట్టుకున్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి అది కొత్తదానిలా నల్లగా ఉంది.

ధనరాజు దాని మీద చెయ్యి వేసి చూసి, "ఒరే సూరీ, ఈ పల్లెలో నీకేటి పని? నాతో వచ్చేయ్. బండ్లు నాను తెత్తాను, పని నువ్వు సూసుకో" అన్నాడు.

అలా స్టేషను రోడ్డు పక్కన ఇద్దరి పేరా ఒక షెడ్డు వెలిసింది. సూరి పని నిదానం. ముందు మట్టీ జిడ్డూ పోయేదాకా సబ్బునీళ్లతో కడిగేవాడు. చచ్చిన పైపొరను తడి ఉప్పుకాగితంతో రుద్దేవాడు. ఆరాక హీట్ గన్ను ఎక్కడా నిలపకుండా ఊపుతూ సెగ చూపించేవాడు. నిలిపితే ప్లాస్టిక్ ముడుచుకుపోతుంది. ఆఖరున పల్చగా పూత. కాలు పెట్టి ఎక్కే ఫుట్‌బోర్డుకు మాత్రం పూత పెట్టేవాడు కాదు. అది కళగా లేకపోయినా ఫరవాలేదు, జారకూడదని అతని పట్టు. పాతపట్నం నుంచి కూడా అతన్ని వెతుక్కుంటూ జీపులొచ్చేవి.

పోయిన వర్షాకాలం ముందు సూరి తల్లికి జబ్బు చేసి శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చారు. సూరి ఆమె దగ్గరే ఉండిపోయాడు. సరిగ్గా అప్పుడే పాతపట్నం తిరుమలరావు, కొండఊళ్లకు జీపులు తిప్పే మనిషి, తన బండ్లన్నీ తెచ్చి షెడ్డులో పెట్టాడు. త్వరగా కావాలన్నాడు. సూరి వచ్చేదాకా ఆగమని ధనరాజు చెప్పలేదు. కడగడమూ రుద్దడమూ మానేసి, వాడేసిన ఇంజనాయిల్ బకెట్లో గుడ్డ ముంచి బంపర్లకూ అంచులకూ పులిమాడు. ఫుట్‌బోర్డులకూ పులిమాడు. బండ్లన్నీ నిగనిగలాడుతూ వెళ్లిపోయాయి.

తల్లిని ఇంటికి చేర్చి సూరి షెడ్డుకు వచ్చిన రోజునే తిరుమలరావు వచ్చాడు. హేమ మొగుడికి అన్నం క్యారేజీ తెచ్చి అక్కడే ఉంది.

"మాయమ్మ జీపెక్కబోయి జారిపడిపోనాది. తుంటి ఇరిగింది. ఫుట్‌బోర్డు మీద నూనె రాసిందెవులు?" అని అడిగాడు తిరుమలరావు.

సూరికి ఏమీ అర్థం కాలేదు. ధనరాజు వైపు చూశాడు.

"నాను బండ్లు తేవడం వరకే బాబూ. పనంతా సూరి సేతిదే" అన్నాడు ధనరాజు. గొంతు తొణకలేదు.

సూరికి తనూ తన బావా కలిసి తిన్న పళ్లాలు, ఒకే బండి మీద తిరిగిన ఊళ్లు కళ్ల ముందు తిరిగాయి. ఇప్పుడు చెప్తాడు, ఇంకాసేపటికి చెప్తాడు అని ఎదురు చూశాడు. ధనరాజు కాలితో బకెట్టును బల్ల కిందకి తోశాడు. హేమ క్యారేజీ మూత బిగిస్తూ తల ఎత్తలేదు. తిరుమలరావు తిట్టి వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక సూరి భార్యను అడిగాడు. "ఆడు నూనె రాత్తన్నప్పుడు నువ్వు సూసినావా?"

"సూసినాను."

"మరి ఆల ముందర సెప్పలేదేటి?"

"నోరిప్పొద్దని అన్న ఒట్టేయించుకున్నాడు. నువ్వైతే ఎలాగోలా నెట్టుకొస్తావనుకున్నాను" అంది.

బావ మాట కంటే ఈ మాట సూరికి లోతుగా దిగింది. తనతో వచ్చి నిజం చెప్పమన్నాడు. ఆమె రాలేదు. మర్నాడు అతనొక్కడే పాతపట్నం బస్సెక్కాడు.

తప్పు తనది కాదని సూరి చెప్పినా తిరుమలరావు నమ్మలేదు, అతన్ని ఇంట్లోకి రానివ్వలేదు. సూరి వాకిట్లో ఉన్న జీపుల దగ్గరకే వెళ్లి, ఒక్కో ఫుట్‌బోర్డునూ సబ్బునీళ్లతో కడిగి, గరుకు తేలేదాకా రుద్దాడు. పొద్దువాలే దాకా అదే పని. తిరుమలరావు చూసి చూసి, "తప్పు నీది కాకపోతే ఎందుకు రుద్దుతన్నావు?" అన్నాడు.

"ఇంకొకలు జారిపోతారని" అన్నాడు సూరి.

ఆ జవాబే అతని మీద సాక్ష్యమైపోయింది. సూరి తప్పు ఒప్పుకుని వచ్చి కడిగిపోయాడని పాతపట్నమంతా చెప్పుకున్నారు. ఆ మాట ఆమదాలవలసకూ వచ్చింది. జీపులు రావడం తగ్గింది. ధనరాజు షెడ్డు వదిలేసి, శ్రీకాకుళం వెళ్లే దారిలో వేరే దుకాణం తెరిచాడు. ఎవరైనా అడిగితే, చెల్లెలి మొగుడని ఇన్నాళ్లూ భరించానని నిట్టూర్చేవాడట.

సూరి గొడవకు వెళ్లలేదు. వెళ్దామని ఒకసారి చెప్పులేసుకుని, వీధి మలుపు దాకా నడిచి తిరిగి వచ్చేశాడు. ఒప్పుకోని మనిషి చేత ఏం చెప్పించగలం అనుకున్నాడు.

చలికాలంలో ఒకరోజు హేమ ఎవరికీ చెప్పకుండా పాతపట్నం వెళ్లింది. తిరుమలరావు తల్లి జగ్గమ్మ చేతికర్ర పట్టుకుని వాకిట్లో నడక నేర్చుకుంటోంది. హేమ ఆమె ముందు కూర్చుని, నూనె పులిమింది తన అన్నేననీ, తను చూసి కూడా దాచాననీ చెప్పేసింది. జగ్గమ్మ అంతా విని, "మీ ఆయన ఆ పొద్దు పొద్దస్తమానం ఎండలో రుద్దుతంటే కిటికీలోంచి సూసినానే. మంచినీళ్లివ్వండ్రా అన్నా ఎవులూ ఇవ్వలేదు" అంది.

తిరిగి వచ్చి హేమ ఆ సంగతి చెప్తే సూరి తలూపాడు. "ఇప్పుడు సెప్పినావా" అన్నాడు. అంతే. ధనరాజు ఆ తర్వాత చెల్లెలి గడప తొక్కలేదు.

తిరుమలరావు జీపులు ఒక్కొక్కటిగా మళ్లీ సూరి దగ్గరకే వస్తున్నాయి. షెడ్డు నడుస్తోంది. మొగుడూ పెళ్లాలు ఒకే ఇంట్లో ఉన్నారు, కలిసే తింటారు, పోట్లాడుకోరు. కాకపోతే, వానొచ్చేలా ఉంది గొడుగు పట్టుకెళ్లమని హేమ అంటే, సూరి ఒకసారి వాకిట్లోకి వెళ్లి ఆకాశం చూసి వస్తాడు.