డ్రమ్ములకు కాళ్లొచ్చిన రోజు

ఉద్యోగంలో చేరిన కొత్తలో, చేతిలో యంత్రముంటే చాలు, లోకంలో నాకు తెలియనిదంటూ మిగలదనుకునేవాణ్ణి. మాది వ్యానులో తిరిగే కొలువు. అణు వ్యర్థాలున్న డ్రమ్ములను మూత తీయకుండా, దూరం నుంచే కెమెరాతో ఫొటో తీస్తే, రేడియేషన్ ఉన్నచోట తెరమీద ఎర్రటి మచ్చ పడుతుంది. (పెళ్లిచూపుల్లో ఈ సంగతి చెబితే పిల్ల తండ్రి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.)

ఒకసారి అశ్వారావుపేట అవతల అడవి అంచున, మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్డులోని డ్రమ్ములు చూడటానికి వెళ్లాం. అన్నిటికీ తొందరపెట్టే మా పై అధికారిని చాటున జల్దీ సారు అనేవాళ్లం. పొద్దున మచ్చ ఎడమ చివర పడింది. సరిచూద్దామని మళ్లీ తీస్తే నడుమకొచ్చింది. మధ్యాహ్నానికి కుడివైపు తేలింది. కేబుళ్లు పీకి పెట్టాను, వ్యాను జరిపాను, కెమెరాను నోటికొచ్చినట్టు తిట్టాను. ఊహూఁ.

"డ్రమ్ములకు కాళ్లొచ్చినయా ఏంది? జల్దీ చూడవయ్యా!"

"చూస్తనే ఉన్న సార్, అదే ఒక్కతాన ఉంటలేదు!"

లోపలేదో కారి పాకుతోందని ఆయనకు భయం పట్టుకుంది. పక్కనే ఉన్న గూడెం ఖాళీ చేయించమని చెప్పడానికి ఫోను తీశాడు. ఒక్క నిమిషం ఆగమని బతిమాలి, కదలని డ్రమ్ముల వెనక కదిలేదేమిటో చూద్దామని రేడియేషన్ మీటరు పట్టుకుని షెడ్డు వెనక్కి పరుగెత్తాను.

గోడ అవతల, టేకుచెట్టు నీడలో వాచ్‌మన్ వాళ్లమ్మ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. దగ్గరికి పోయేకొద్దీ మీటరు కీచుమంది.

"గాడనే ఆగు బిడ్డా! గొంతుల గడ్డకని హైదరాబాదు దవాఖానల ఏందో మందు తాపిన్రు. కొన్ని దినాలు మందిల కలవొద్దన్నరు. ఎవ్వలూ రారని పొద్దుగాల్నుంచి గీడ కూసున్న."

ఆ మందులో రేడియేషన్ ఉంటుంది. మా కెమెరా గోడలోంచి ఆమె గొంతునే ఫొటో తీస్తోందన్నమాట!

"మరి ఒక్కతాన కూసోవచ్చు గద పెద్దమ్మా!" ఏడుపొక్కటే తక్కువ నాకు.

"మంచిగ చెప్పినవ్! నీడ జరిగితే నేను ఎండల ఉండాల్నా?"

ఆమెను ఇంటికి పంపాక, అంతదాకా ఆమె గొంతు మచ్చ ముందు వెలవెలబోయిన అసలు డ్రమ్ము మచ్చ తెరమీద ఓ మూలన కుదురుగా కనిపించింది. జల్దీ సారు ఫోను జేబులో పెట్టుకుని, ఆ రోజు మొదటిసారి నింపాదిగా కూర్చున్నాడు.

వ్యాను కదులుతుంటే పెద్దమ్మ దూరం నుంచే చెయ్యి ఊపింది. "ఇంకోపారి రా బిడ్డా, అప్పుడు పక్కన కూసోని బువ్వ తిందువు."

మళ్లీ ఆ దారిన పోయే పని పడలేదు. కెమెరా మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలచుకుంటే మాత్రం, జాలీ నవ్వూ కలిసే వస్తాయి.