బాబాయి చూపుడు వేలు

ఈస్టర్ వెళ్ళిన గురువారం, ఆఫీసు మీటింగ్ మధ్యలో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి వెళ్ళిపోయారమ్మా" అంది. ఏడవలేదు. నేనేదో అడగబోయేలోపు "నర్సు వచ్చింది, మళ్ళీ చేస్తా" అని పెట్టేసింది. గంట తిరక్కుండా మా తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో 'ప్రభువునందు నిద్రించారు' అని మెసేజ్ వచ్చింది. రాసినవాళ్ళ మీద నాకేం కోపం లేదు. కోపమంతా బాబాయి మీదే. అది తగ్గకముందే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను, మీరేమనుకున్నా సరే.

ఆయన మా నాన్నకి తమ్ముడు. డెట్రాయిట్ పక్కన ఒక కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాడు. ఆదివారాలు చర్చిలో డోలక్ వాయించేవాడు. నేను ఉద్యోగానికి మిషిగన్ వచ్చిన కొత్తలో చలికాలమంతా వాళ్ళ బేస్‌మెంట్‌లోనే ఉన్నాను. వాళ్ళకి పిల్లలు లేరు. మంచులో కారు నడపడం, ఫోన్‌లో డాక్టరు ఆఫీసువాళ్ళతో పోట్లాడటం, మేనేజరుకి కుదరదని మర్యాదగా రాయడం అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మొహమాటం లేకుండా తిట్టేవాడు. తిట్టాక తనే అల్లం టీ పెట్టి తెచ్చేవాడు.

మార్చి ఆఖరుకి నదిలో మంచు పలకలు కొట్టుకుపోగానే మనిషి మారిపోయేవాడు. ఈరీ సరస్సులోని వాల్‌ఐ చేపలు గుడ్లు పెట్టడానికి డెట్రాయిట్ నదిలోకి ఎదురెక్కే కాలం అది. వాటి ఒంటి మీద పాత ఇత్తడి రంగు, గాజు గోళీల్లాంటి కళ్ళు. నది మీద చాలామంది కర్ర గాలంతో పడతారు. బాబాయిది చేతి గాలం. బోటు అంచున ఒక చక్రం, దానికి చుట్టిన సన్నటి స్టీలు తీగ, తీగ చివర సీసపు ముద్ద, దాని పైన గాలాలు. ప్రవాహానికి ఎదురుగా బోటుని మెల్లగా పోనిస్తూ తీగని చేత్తో లాగి వదులుతూ ఉండాలి. సీసం నది అడుగుని తట్టడం వేలికి తెలియాలి. ఆ నది మీద తరాలుగా ఉన్న పద్ధతి అది. పక్కింటి పెద్దాయన దగ్గర ఇష్టపడి నేర్చుకున్నాడు.

నన్ను మొదటిసారి తీసుకెళ్ళిన రోజు గాలి చెవులు కోసేస్తోంది. అటు ఒడ్డున కెనడా మబ్బుగా కనిపిస్తోంది.

"ఆ గ్లవ్స్ తీసెయ్" అన్నాడు.

"చచ్చిపోతాను బాబాయ్. ఫ్రీజ్ అవుతోంది."

"చలేస్తే టీ తాగు. గ్లవ్స్ ఉంటే నీకేం తెలుస్తుంది? వాల్‌ఐ గుంజదమ్మా, బరువవుతుందంతే. ఆ బరువు వేలికి తెలిసిపోవాలి."

నాకేమీ తెలియలేదు. ఆయన మాత్రం మాట్లాడుతూ మాట్లాడుతూ ఠక్కున ఆగి "వచ్చింది" అనేవాడు. పొట్ట నిండా గుడ్లున్న పెద్ద ఆడచేపని రెండు చేతులతో నీళ్ళలోకి దించి, అది తోక ఆడించేదాకా పట్టుకుని వదిలేసేవాడు. ఇంటికి చిన్నవే తెచ్చేవాడు. పిన్ని పులుసు కలుపుతూ "ఇదేం చేపండీ, నీచు వాసనే లేదు" అని ప్రతి ఏడూ అనేది. "అయితే నీచు కూడా పట్టుకొస్తానుండు" అని ప్రతి ఏడూ ఆయన అనేవాడు.

షుగరు ఆయనకి చాలాకాలంగా ఉంది. కాళ్ళు తిమ్మిర్లని, చేతులు మొద్దుబారుతున్నాయని ఎప్పుడైనా అనేవాడు గాని, చర్చిలో డోలక్ బాగానే వాయిస్తుంటే ఎవరం పట్టించుకుంటాం? ఈ ఏడు ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు డోలక్ వేరే అతనికి ఇచ్చేసి వెనక వరసలో కూర్చున్నాడు. పాటయ్యేదాకా ఆగి పిన్ని ఆయన చేతిని జేబులోంచి బయటికి లాగింది. కుడి చూపుడు వేలు వాచి ఉంది, బ్యాండ్ ఎయిడ్ చుట్టూ పసుపు పూసి ఉంది. అంతకుముందు వారం తీగ కోసుకుందట. ఇండియా నుంచి తెచ్చుకున్న యాంటీబయాటిక్స్ వేసుకుంటున్నాడట.

అలాంటి మందుల డబ్బా మీ ఇంట్లోనూ ఉంటుంది. దగ్గుకీ జ్వరానికీ విరేచనాలకీ పేరు రాసి జిప్‌లాక్ కవర్లలో సర్దుకుని తెచ్చుకున్న మాత్రలు. డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికేలోపు అవే మన డాక్టరు. మా ఇంట్లోనూ ఉంది. దాన్ని చూస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

మర్నాడు పిన్ని ఆయన్ని సర్జన్ దగ్గరికి లాక్కెళ్ళింది. ఎముకకి పాకింది, వేలు తీసేయాలి, ఆలస్యం చేస్తే చెయ్యి, ఆ తర్వాత ప్రాణం అని ఆ డాక్టరు దాపరికం లేకుండా చెప్పిందట. బాబాయి ఏప్రిల్ ఆఖరుదాకా టైమ్ అడిగాడు. చేపలు వెళ్ళిపోయాక తీయించుకుంటాడట! మందులు రాయించుకుని, తన ఇష్టంతోనే వెళ్తున్నానని సంతకం పెట్టి, ఇంటికి వచ్చేశాడు.

గుడ్ ఫ్రైడే మర్నాడు పిన్ని నాకు ఫోన్ చేసింది. "ట్రక్ తాళాలు దాచేశాను. గరాజ్‌లో బోటెక్కి కూర్చున్నారు, దిగట్లేదు. నువ్వొచ్చి చెప్పమ్మా." వెళ్ళాను. ట్రెయిలర్ మీద ఉన్న బోటులో, స్వెటర్ వేసుకుని, అలిగిన పెళ్ళికొడుకులా కూర్చుని ఉన్నాడు. నవ్వొచ్చింది నాకు. పిన్ని మొహం చూసి ఆపుకున్నాను.

"ఒక్క వేలు బాబాయ్. ఇంకా తొమ్మిదున్నాయి."

"ఆ తొమ్మిదీ ఎప్పుడో పోయాయమ్మా" అన్నాడు. "వేడి గిన్నె పట్టుకున్నా తెలియట్లేదు. రెండేళ్ళయింది. డోలక్ చెవితో మేనేజ్ చేస్తున్నా. ఇదొక్కటే పనిచేస్తోంది. దీనికే తెలుస్తోంది నది."

రెండేళ్ళుగా ఆయనకి అన్నం వడ్డిస్తున్న పిన్నికి ఆ సంగతి తెలియదు. "నేను తెలియనా మీకు? వేలు లేకపోతే నేనుండనా?" అంది. ఆయన ఆమెని చూడకుండా, వాచిన వేలిని పైకెత్తి పట్టుకుని చెప్పాడు: "నొప్పెడుతోందే. నొప్పెడుతోందంటే బతికున్నట్టేగా."

ఆ నొప్పిని ఆయన అలా అపురూపంగా దాచుకున్నాడు. తీయించుకోమని ఇద్దరం బతిమాలాం, అరిచాం. పిన్ని బోటు అంచు పట్టుకుని మోకాళ్ళ మీద ప్రార్థన చేసింది. "సోమవారం చూద్దాం" అన్నాడు చివరికి.

ఈస్టర్ పొద్దున చర్చికి నవ్వుతూ వచ్చాడు. నొప్పి తగ్గిపోయింది, మందు పనిచేసింది అన్నాడు. ఆ వేలిని పక్కకి పెట్టి డోలక్ వాయించాడు. అందరం సంతోషించాం, పిన్నితో సహా. నొప్పి తగ్గడమంటే వేలు చచ్చిపోవడమని మాకెవరికీ తట్టలేదు. వేళ్ళు మొద్దుబారడం అంత బాగా తెలిసిన ఆయనకి కూడా తట్టలేదు. సోమవారం మధ్యాహ్నానికి చలిజ్వరం వచ్చి మాట తడబడింది. అంబులెన్స్‌లో తీసుకెళ్ళి, వేలు తీసేశారు. అప్పటికే విషం రక్తంలోకి ఎక్కేసింది.

ఆయనకి నదంటే ఎందుకంత ప్రేమ అని చాలామంది అడిగారు. నాకు ఇప్పుడిప్పుడే కొంచెం అర్థమవుతోంది. పొద్దస్తమానం స్క్రీన్‌లో తప్పులు వెతికే మనిషికి, ఒంట్లో ఒక్కో భాగమే చెప్పకుండా సెలవు తీసుకుంటుంటే, ఏప్రిల్‌లో ఆ కాసిని రోజుల్లోనే తను ఇంకా ఉన్నానని తెలిసేదేమో. అర్థమైనంత మాత్రాన క్షమించలేకపోతున్నాను. బాబాయ్, నువ్వు లేకుండా మేము ఎట్లా ఉంటామనుకున్నావు?

శనివారం ఫ్యూనరల్ హోమ్‌లో పెట్టెలో పడుకోబెట్టారు. నీలం సూటు, కొత్త టై. అక్కడివాళ్ళు లోపం కనిపించకుండా ఆయన ఎడమ చేతిని కుడి చేతి మీదకి మడిచి పెట్టారు. పిన్ని వచ్చి చూసింది. ఎడమ చేతిని నెమ్మదిగా పక్కకి జరిపి, వేలు లేని చోట తన కుడి అరచెయ్యి ఆనించి నిలబడింది. జనం వరసగా వచ్చారు. పాస్టరుగారు, ఆయన భార్య, ఆఫీసువాళ్ళు, నది మీద పరిచయమైన ముసలాళ్ళు, ఆంటీలు, అంకుళ్ళు. "వందనాలమ్మా" అంటూ ఒక్కొక్కరూ చెయ్యి చాచారు. పిన్ని అందరికీ ఎడమ చెయ్యే ఇచ్చింది.