తవుడుకి కొన్న పిల్ల

కడుపులో ఉన్నప్పుడే బిడ్డకి మనసు మొదలవుతుందని ఇప్పటివాళ్ళు అంటున్నారు. వినగానే నాకు నవ్వొచ్చింది. అదే నిజమైతే పుట్టకముందు నేను తిన్నదంతా భయమే. నాకు ముందు అమ్మకి ఇద్దరు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. నన్ను మోస్తున్నన్నాళ్ళూ కడుపు మీద చెయ్యి వేసుకోవడానికి కూడా జంకేదట. అరవై దాటిన ఈ వయసులోనూ ఎవరింటికి వెళ్ళినా నేను కుర్చీ అంచునే కూర్చుంటాను. కాస్త వెనక్కి వాలితే లేవమంటారేమో అనిపిస్తుంది.

మాది కోటబొమ్మాళి దగ్గర వరి పండించే పల్లె. పుట్టినవాళ్ళు నిలవని ఇంట్లో మావాళ్ళు చేసే పని ఒకటుంది. నాకూ చేశారు. పురిటి స్నానం నాడు నన్ను చేటలో పడుకోబెట్టి పెరటి వెనక పెంటకుప్ప మీద పెట్టారు. పిల్లలందరూ నిలిచిన మనిషి వచ్చి ఎత్తుకోవాలి. ఎదురింటి మామ్మ ఎత్తుకుంది. ఆవిడ కొడుకులంతా దుక్కల్లా ఉండేవారు. నన్ను తన గుమ్మంలోకి తీసుకుపోయి "ఇది నా బిడ్డ" అంది. అప్పుడు అమ్మ చేటెడు తవుడు పట్టుకెళ్ళి, అది ఇచ్చి నన్ను కొనుక్కుంది. తవుడుకి కొన్న పిల్లని చావు కూడా పట్టించుకోదని నమ్మకం. మా వైపు ఏ ఊరికి వెళ్ళినా తవుడు పేరు పెట్టుకున్నవాళ్ళు ఉంటారు.

ఆ తర్వాత అసలు తల్లి ఆ బిడ్డని నాదని పైకి అనకూడదు, అంటే చావు విని మళ్ళీ ఆ ఇంటికి వస్తుందట. ఈ కట్టుబాటుని మిగతావాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో వదిలేసేవారు. అమ్మ వదల్లేదు. ఎవరైనా నన్ను చూపించి "ఈ గుంట ఎవులే?" అని అడిగితే, "ఎదురింటోళ్ళ గుంట" అనేది, నా వైపు చూడకుండా.

నాలుగేళ్ళప్పుడు ఆ మాటని ఉన్నదున్నట్టు నమ్మాను. పొద్దున ఎదురింట్లో గంజి తాగి, మధ్యాహ్నం మా ఇంట్లో తిని, ఎక్కడ పడుకోవాలో తెలియక వీధి మధ్యలో నిలబడేదాన్ని. బళ్ళో వేసే వేళకి అదంతా ఉత్తుత్తిదని తెలిసింది. తెలిసినా మనసుకి ఎక్కలేదు. "దీనికి తవుడు కూడా దండగే" అని నాన్న వేళాకోళం చేస్తే అందరూ నవ్వేవారు. నేనూ నవ్వి, గాదె వెనక్కి పోయి కూర్చునేదాన్ని. నాకు కావలసింది ఒక్కటే. నలుగురి ముందూ అమ్మ నన్ను ఒక్కసారి నా కూతురు అనాలి. దానికోసం లేని జ్వరం తెచ్చుకున్నాను, కావాలని గట్టు మీంచి పడ్డాను, పలక పగలగొట్టుకొచ్చాను. అమ్మ తిట్టింది, కొట్టింది, దెబ్బకి పసుపు అద్దింది. ఆ మాట మాత్రం అనలేదు.

నాకు తొమ్మిదేళ్ళు వచ్చేసరికి అమ్మకి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. అరవైల చివరి రోజులవి. ఊళ్ళో ఆడవాళ్ళు చేరి, "ఈపాలి ఆ తవుడు గొడవ అక్కర్లేదే, పెద్దది నిలిచింది కదా" అనేవారు. అంటే పుట్టబోయేది ఈ ఇంటి బిడ్డే అవుతుంది, కొననక్కర్లేదు. ఆ కడుపుని చూస్తే నాకు ఒళ్ళు మండేది. తిన్నచోట తినలేను, కూర్చున్నచోట కూర్చోలేను. ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఇంట్లోకి తిరుగుతుంటే అమ్మ విసుక్కునేది. "ఏటే ఆ తిరుగుడు? కాలుకాలిన పిల్లిలాగ!"

ఆ రోజుల్లోనే ఎదురింటి మామ్మకి మతి చెదిరింది. కొడుకులు ఖరగ్‌పూరులో రైల్వే పనుల్లో ఉండేవారు. మీసాలొచ్చిన ఆ కొడుకుల కోసం ఆవిడ సందెవేళ గిన్నెలో పాలు పోసుకుని అరుగు మీద కూర్చునేది. మనిషి ముదుసలి అయినా మనసు మాత్రం వెనక్కి నడిచి నడిచి, చంటిపిల్లల తల్లిగా ఉన్న రోజుల దగ్గర ఆగిపోయింది. ఆ లెక్కన ఆవిడ మా అమ్మకంటే చిన్నది.

నూర్పుల రోజుల్లో ఒక మధ్యాహ్నం మామ్మ మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నా గుంటని నాకిచ్చీండి. ఎన్నాళ్ళు ఉంచుకుంతారు?"

నాన్న పగలబడి నవ్వాడు. మామ్మ నవ్వలేదు. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నడు అమ్మా, మనింటికి పోదాం" అంది.

వెళ్ళాను. ఎవరూ ఈడ్చుకుపోలేదు. నోరారా నా బిడ్డ అన్న మనిషి లోకంలో ఆవిడొక్కర్తే, ఎందుకు వెళ్ళను? వీధి దాటుతుంటే ఛాతీ పొంగింది. అమ్మ చూడాలనే మెల్లగా నడిచాను.

మామ్మ కోడలు కళ్ళంలో ఉంది. ఇంట్లో మేమిద్దరమే. నా తల దువ్వింది, బెల్లంముక్క పెట్టింది. తర్వాత లేచి తలుపు గెడ వేసింది. కాసేపటికి నాకు సరదా తీరిపోయింది. లేవబోతే రెండు చేతులా చుట్టేసి గుండెకి అదుముకుంది. ఎముకలు తప్ప కండలేని ఆ చేతుల్లో అంత బలం ఎక్కడిదో. బయట నాన్న తలుపు బాదాడు. కేకలేశాడు. బాదినకొద్దీ మామ్మ, "నా బిడ్డని ఎత్తుకుపోతన్నారు! ఓలమ్మో!" అని గుక్కపెట్టి ఏడ్చింది. వీధి వీధంతా చేరింది. తలుపు విరగ్గొట్టేస్తామన్నారు కొందరు. ముసల్ది గుండాగి పోతుందన్నారు కొందరు.

అప్పుడు కిటికీ దగ్గరికి అమ్మ వచ్చింది. చేతిలో చేట, చేట నిండా తవుడు.

"అత్తా, తవుడు తెచ్చినాను. తీసుకుని గుంటనిచ్చీ."

మామ్మ ఏడుపు ఆపింది. నన్ను వదలకుండానే కిటికీ దాకా వచ్చి, ఊచల్లోంచి చెయ్యి పెట్టి తవుడు పట్టి చూసింది. మంచిదే. తర్వాత అమ్మ మొహంలోకి చూసింది.

"ఇస్తాను. ఇంతకీ ఈ గుంట నీకేటవుతాది?"

నేను ఊచలు పట్టుకుని అమ్మ నోటివైపే చూస్తున్నాను. ఆవిడ ఒక చెయ్యి చేట మీద ఉంది, రెండోది కడుపు మీదకి పోయింది. వెనక నుంచి ఎవరో ముసలాయన, "అనీయే తల్లీ, ఏటీ అవదు" అన్నాడు. అమ్మ తల అడ్డంగా ఊపింది. సరే, ఇక్కడే ఉండిపోతాను అనుకున్నాను కోపంగా.

"నా కూతురత్తా" అంది అమ్మ. "నాదే. నా కడుపున పుట్టింది. నాకిచ్చీ."

మామ్మ చేతులు సడలాయి. "ఆ ముక్క ముందే సెప్పకపోయినావా? తల్లికి బిడ్డనియ్యకపోతే పాపం కాదా?" అంటూ తనే వెళ్ళి గెడ తీసింది.

నేను ఎగురుతూ బయటికొచ్చాను. ఊరంతా విన్నది! అమ్మ నా జబ్బ పట్టుకుని వీధి దాటిస్తోంది. చేట ఎక్కడ వదిలేసిందో తెలియదు. నాకు ఆశ తీరలేదు, మరోసారి కావాలి.

"అమ్మా, ఇంకోపాలి అనవే. గట్టిగా అను."

అమ్మ ఠక్కున ఆగి, తవుడంటిన అరచేత్తో నా నోరు మూసేసింది. "ఒల్లకో, నోరెత్తకు" అంది. నా వైపు చూడటం లేదు. చింతచెట్ల మీదికీ, ఇళ్ళ కప్పుల మీదికీ, వచ్చిన దారి వెనక్కీ చూస్తోంది, చావు ఎక్కడైనా పొంచి విన్నదేమో అన్నట్టు. నన్ను కడుపుకి అదుముకుంటే లోపలి బిడ్డ తన్నడం నా చెంపకి తెలిసింది. అమ్మ నాకోసం ఏం పణం పెట్టిందో అప్పటికి అర్థమైంది, నాకు ఏడుపొచ్చింది. ముక్కులోకి తవుడు పోయి ఊపిరాడటం లేదు. అయినా చెయ్యి తియ్యమని అనలేదు.